వీసం వంతు వయొలిన్

సింగపూర్‌లో మెరీనా తీరాన దూరియన్ పండులా ముళ్లు తేలిన కప్పు ఒకటి కనిపిస్తుంది. ఆ ఊరివాళ్లు ఎస్‌ప్లనేడ్ భవనాన్ని ముద్దుగా ‘దూరియన్’ అనే పిలుస్తారు. 2002 అక్టోబరులో తెరిచిన ఈ భవనంలోని కచేరీ హాల్లో దాదాపు 1,600 మంది కూర్చోవచ్చు. దీపాలు కాస్త తగ్గుతాయి. వేదిక మధ్యలోంచి ఓబో అనే ఊదుడు వాద్యం ఒకే ఒక్క స్వరం పట్టుకుంటుంది. మన కచేరీలో తంబూరా చేసే పనిని ఇక్కడ ఓబో నాలుగు క్షణాల్లో ముగిస్తుంది. మొదటి వయొలిన్ల సారథి అయిన కాన్సర్ట్ మాస్టర్ ఆ శ్రుతి అందుకుంటే, వెనక ఉన్న తీగలన్నీ గూటికి చేరిన పిట్టల్లా ఒక్కసారిగా కిచకిచలాడి సద్దుమణుగుతాయి.

కండక్టర్ ఎడమ పక్కన మొదటి వయొలిన్ల బారు ఉంటుంది. పెద్ద సింఫనీకి అందరూ కూర్చుంటే స్టాండుకు ఇద్దరు చొప్పున ఎనిమిది స్టాండ్లు, పదహారు మంది. వాళ్లలో చిట్టచివరి స్టాండు దగ్గర, లోపలి వైపు కుర్చీలో ఉన్న మనిషిని చూడండి. ప్రేక్షకుల్లో చాలామందికి ఆ ముఖం సరిగా కనపడదు. ఆ వయొలిన్ ఒక్కదాన్నే విడిగా వినడం ఎవరి తరమూ కాదు. ఒకవేళ వినపడిందంటే ఆ రోజు ఏదో పొరపాటు జరిగిందన్నమాట. పైగా కాగితాలు తిప్పే పని కూడా ఆ కుర్చీదే.

ఆ కుర్చీ కోసం నాలుగైదేళ్ల వయసు నుంచి ఇరవై ఏళ్లు సాధన చెయ్యాలి.

పిల్లల వయొలిన్లకు కొలతలు భిన్నాల్లో ఉంటాయి. అన్నింటికన్నా బుల్లివాటిలో ఒకటి పదహారో వంతు. మన పెద్దల లెక్కలో వీసం. తర్వాత బిడ్డ చెయ్యి పొడుగయ్యే కొద్దీ పావు, అర, ముప్పావు, చివరికి నిండు వయొలిన్. వీసం అన్నది పేరుకే. నిండు వయొలిన్ ఒంటి పొడవు పద్నాలుగు అంగుళాలైతే దీనిది తొమ్మిది దాకా ఉంటుంది. తమాషా ఏమిటంటే, వీసం వయొలిన్‌తో మొదలుపెట్టిన పిల్ల అన్ని మెట్లూ ఎక్కి, దేశదేశాల పోటీదారులను దాటుకుని చేరే ఉద్యోగం పదహారు మందిలో ఒకరుగా కూర్చోవడం. మళ్లీ వీసం వంతే.

ఈ ఉద్యోగం ఎలా పుడుతుందో, మనిషి దానికి ఎలా తయారవుతాడో తెలుసుకోవాలంటే సింగపూర్‌ను మించిన చోటు లేదనిపిస్తుంది. వియన్నాలోనో లైప్జిగ్‌లోనో ఆర్కెస్ట్రాలు ఊరి చెట్ల మాదిరి ఎప్పటినుంచో ఉన్నాయి, వాటి విత్తు ఎవరు నాటారో వెతుక్కోవాలి. సింగపూర్‌లో అలాకాదు, తేదీతో సహా చెప్పొచ్చు.

1970ల తొలి రోజుల్లో గో కెంగ్ స్వీ అనే మంత్రికి ఒక విషయం మింగుడుపడలేదు. స్వతంత్ర సింగపూర్ ఆర్థిక వ్యవస్థకు పునాదులు వేసింది ఆయనే. జురాంగ్ పక్షుల పార్కు వెనకా ఉన్నది ఆయనే. పారిశ్రామికవాడలూ రేవులూ ఉన్న దేశానికి, నెల జీతానికి వాయించే ఒక సింఫనీ ఆర్కెస్ట్రా లేకపోవడం నామర్దాగా ఉందని ఆయన బాహాటంగానే అన్నారు. అటార్నీ జనరల్ టాన్ బూన్ టీక్ ఆర్కెస్ట్రా బోర్డుకు తొలి అధ్యక్షుడయ్యారు. అప్పటికి యూరప్‌లో కండక్టర్‌గా ఉన్న చూ హొయ్‌ని తిరిగి సింగపూర్‌కు పిలిచారు. 1979 జనవరి 24న సింగపూర్ కాన్ఫరెన్స్ హాల్లో 41 మందితో సింగపూర్ సింఫనీ ఆర్కెస్ట్రా తొలి కచేరీ చేసింది. మరుసటేడు విక్టోరియా కాన్సర్ట్ హాలుకు, తర్వాత ఎస్‌ప్లనేడ్‌కు మారింది. మొదట వాయించిన ఆ హాలు ఇప్పుడు సింగపూర్ చైనీస్ ఆర్కెస్ట్రా సొంత ఇల్లు. అక్కడ వయొలిన్లు కూర్చునే చోట రెండేసి తీగల ఎర్హూలు, గావోహూలు కూర్చుంటాయి.

41 మంది అంటే మొదటి వయొలిన్లు పదహారు పట్టే సైజు కాదు. పైగా వాళ్లందరినీ స్థానికుల్లోంచి తీసుకునే వీలూ లేదు. వాయించేవాళ్లు ఉన్నారు గానీ వాయిద్యం మీద బతికేవాళ్లు లేరు. అందుకే ఆర్కెస్ట్రా మొదటి నుంచీ కలగూరగంపే. కాన్సర్ట్ మాస్టర్ కుర్చీలో దశాబ్దానికి పైగా చెక్ దేశస్థుడు పావెల్ ప్రాంట్ల్, ఆయన తర్వాత సోవియట్ బడిలో తయారైన అలెగ్జాండర్ సూప్టెల్ కూర్చున్నారు. చైనా, కొరియా, తూర్పు యూరప్, అమెరికా, ఇలా ఏ దేశంలో కమాను పట్టడం నేర్చుకున్నా, సింగపూర్ వచ్చాక అందరూ ఒకే తీరులో కమాను లాగాలి. ఇంగ్లిషులో మలయ్, చైనా, తమిళ మాటలు కలిపి సింగ్లిష్ తయారు చేసుకున్న ఊరికి ఇది కొత్తేమీ కాదు.

అంతకుముందు కథ ఒకటుంది. ఈ వ్యాసానికి అసలు కథానాయకుడు ఆయనే అనాలి. గో సూన్ టియో. 1911లో సుమత్రాలోని పడాంగ్‌లో పుట్టి, యూరప్‌లో వయొలిన్ చదివి, సింగపూర్‌లో స్థిరపడ్డారు. ఆర్కెస్ట్రా లేని ఊళ్లో ఆర్కెస్ట్రా మనుషులను తయారు చేశారాయన. 1950లలో శిష్యులతో సొంతంగా తీగవాద్యాల ఆర్కెస్ట్రా పెట్టారు. పాఠం చెప్పేటప్పుడు చండశాసనుడని పేరు. చూ హొయ్ ఆయన శిష్యుడే. చూ హొయ్ పుట్టింది కూడా సుమత్రాలోనే, పాలెంబాంగ్‌లో. 1980లో జాతీయ యువ ఆర్కెస్ట్రా మొదలైనప్పుడు దానికి తొలి కండక్టర్‌గా నిలిచిన వివియన్ గో ఆయన కూతురు. అంటే ఒక్క మాస్టారి గదిలోంచి దేశపు తొలి సింఫనీ కండక్టర్, యువ ఆర్కెస్ట్రా కండక్టర్ ఇద్దరూ వచ్చారు. గో కెంగ్ స్వీ సంకల్పానికి పేరు వచ్చింది, న్యాయమే. కానీ సంకల్పించిన రోజున పని అందుకోవడానికి ఊళ్లో మనుషులున్నారంటే అది పాతికేళ్ల ముందునుంచీ ఒకాయన పిల్లల మణికట్లు సరిచేస్తూ కూర్చున్నందువల్ల.

ఆ గదిలోంచే వచ్చిన మరొకరు లీ పాన్ హాన్. చైనాటౌన్ ఇరుకు గదుల్లో పెరిగిన పేద కుర్రాడు. 1960ల మొదట్లో ప్రపంచ ప్రసిద్ధ వయొలినిస్టు యెహూదీ మెనుహిన్ చెవిన పడ్డాడు. మెనుహిన్ అతణ్ని ఇంగ్లండులో తాను పెట్టిన బడికి తీసుకున్నాడు. ఆ కుర్రాడే పెద్దయ్యాక మాంచెస్టర్‌లోని హాలే ఆర్కెస్ట్రాకు లీడరయ్యాడు. హాలే అంటే 1858లో పుట్టిన ఆర్కెస్ట్రా. వలసపాలకుల దేశంలో వాళ్ల పాత ఆర్కెస్ట్రాలో మొదటి కుర్చీ అది. ప్రతిభ ఉన్న పిల్లవాడు బాగుపడాలంటే అప్పట్లో ఒక మెనుహిన్ దారిన పోతూ వినాలి. దారిన ఎవరూ పోకపోతే అంతే సంగతులు.

ఇప్పుడు సింగపూర్ ఆ అదృష్టాన్ని ఒక వ్యవస్థగా మార్చేసింది. మంచికో చెడుకో చెప్పలేం. మొదట ఇంటి దగ్గర టీచరు, బ్రిటిష్ బోర్డు గ్రేడు పరీక్షలు, ఒకటి నుంచి ఎనిమిది దాకా. బడిలో స్ట్రింగ్ ఆన్సాంబుల్. సంగీతంలో నైపుణ్యం చూపిస్తే పేరున్న సెకండరీ స్కూల్లో నేరుగా సీటు దొరికే పద్ధతి 2004 నుంచి ఉంది. కాబట్టి వయొలిన్ పెట్టె మోసుకుంటూ ఎంఆర్‌టీ రైల్లో నిలబడ్డ పిల్లలందరికీ బీథోవెన్ మీద ప్రేమేనని అనుకోనక్కర్లేదు. ‘కియాసు’ అని అక్కడొక హొక్కియెన్ మాట. పక్కవాళ్ల కన్నా వెనకబడిపోతామేమోనన్న బెంగ దాని అర్థం. ఐఐటీ ఫౌండేషన్ కోర్సులు ఆరో తరగతిలోనే మొదలయ్యే చోటి నుంచి వెళ్లిన మన తెలుగు కుటుంబాలకు ఆ మాటకు అర్థం ఎవరూ విప్పి చెప్పనవసరం లేదు.

నిజంగా ప్రాణం పెట్టే పిల్లలకు వేరే దారులున్నాయి. 1938లో మొదలైన నాన్యాంగ్ ఫైన్ ఆర్ట్స్ అకాడమీలో బాలప్రతిభకు ప్రత్యేక విభాగం ఉంది. 2008లో తెరిచిన స్కూల్ ఆఫ్ ది ఆర్ట్స్‌లో పదమూడో ఏట చేరి ఆరేళ్లు చదవొచ్చు. వారాంతాల్లో జాతీయ యువ ఆర్కెస్ట్రా ఉంటుంది. అక్కడే మొదటిసారి తొంభై మంది మధ్యన కూర్చోవడం అంటే ఏమిటో తెలుస్తుంది. ఆపైన యోంగ్ స్యూ తో కన్జర్వేటరీ. నేషనల్ యూనివర్సిటీలో, అమెరికాలోని పీబాడీ ఇన్‌స్టిట్యూట్ చేయూతతో 2003లో విద్యార్థులను చేర్చుకోవడం మొదలుపెట్టింది. ఒక సంగీత ఉపాధ్యాయురాలి పేరు మీద కుటుంబ ట్రస్టు ఇచ్చిన భారీ విరాళంతో దానికి ఆ పేరు వచ్చింది. 1987లో పారిస్‌లో లాంగ్-తిబో పోటీ గెలిచిన చైనా వయొలినిస్టు చియాన్ జౌ అక్కడ తీగవాద్యాల విభాగాన్ని పెంచి పోషించారు. ఆ కన్జర్వేటరీయే 2015 నుంచి సింగపూర్ అంతర్జాతీయ వయొలిన్ పోటీ నడుపుతోంది. తొలి బహుమతి యాభై వేల అమెరికన్ డాలర్లు. 2018లో గెలిచిన సెర్గేయ్ దొగాదిన్ మరుసటేడు మాస్కోలో చైకోవ్‌స్కీ పోటీనీ, 2022లో గెలిచిన ద్మిత్రో ఉదోవిచెంకో 2024లో బ్రసెల్స్‌లో క్వీన్ ఎలిసబెత్ పోటీనీ గెలిచారు. కాబట్టి సింగపూర్ జడ్జీల చెవి మీద అనుమానం అక్కర్లేదు.

గంటల లెక్క ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు. పదివేల గంటల కథ పుట్టిందే వయొలిన్ విద్యార్థుల నుంచి. మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం పశ్చిమ బెర్లిన్ సంగీత అకాడమీలో చేసి, 1993లో ప్రచురించిన అధ్యయనమది. మేటి విద్యార్థులు పద్దెనిమిదో ఏటికి సగటున 7,410 గంటలు ఒంటరిగా సాధన చేశారు. పాఠాలు చెప్పే వృత్తిలోకి వెళ్లబోయేవాళ్లు 3,420. దాన్ని పట్టుకుని ఎవరైనా పదివేల గంటలు కూర్చుంటే మేటి అయిపోతారని పుస్తకాలు ప్రచారం చేశాయి. తాను అలా అనలేదని ఎరిక్సనే తల కొట్టుకున్నాడు. 2019లో ఇద్దరు పరిశోధకులు అదే పద్ధతి మళ్లీ ప్రయత్నిస్తే సాధన ప్రభావం అంత గట్టిగా తేలలేదు. అయినా 7,410 గంటలు అంటే చిన్నప్పటి నుంచీ ఒక గదిలో ఒంటరిగా గడిపిన కాలం. ఎవరూ కాదనలేని సంగతి ఆ ఒంటరితనమే. పదిమందితో కలిసి చేసే ఉద్యోగానికి ఒక్కరే కూర్చుని తయారవ్వాలి.

మరి ఆ గదిలో నేర్చుకునేది దేన్ని? సోలో కన్సర్టోలను. పోటీలన్నీ వాటి మీదే. ముఖచిత్రాలూ వాటికే. క్లోయీ చువా సంగతి చూడండి. 2018లో జెనీవాలో మెనుహిన్ పోటీ జూనియర్ విభాగంలో ఆస్ట్రేలియా కుర్రాడు క్రిస్టియన్ లీతో కలిసి మొదటి బహుమతి పంచుకున్నప్పుడు ఆమెకు పదకొండేళ్లు. నాన్యాంగ్ అకాడమీ బాలప్రతిభ విభాగంలో యిన్ కే దగ్గర చదివిన పిల్ల. ఆ తర్వాత సింగపూర్ సింఫనీతో కలిసి వివాల్డీ ‘ఫోర్ సీజన్స్’ రికార్డు చేసింది. ఆమె ముందు నిలబడి వాయిస్తుంటే వెనక తోడు వాయించినవాళ్లలో చాలామంది ఆమె వయసులో ఆమెలాగే కావాలని కలగన్నవాళ్లే అయి ఉంటారు. చదువంతా ‘నువ్వు ప్రత్యేకంగా వినపడాలి’ అని నేర్పుతుంది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నలుగురితో పాటు నారాయణా అనాలి. ఈ రెండింటి మధ్య ఉన్న అగాధాన్ని దాటించే వంతెనే ఆడిషన్. అది కూడా వింత వంతెన.

ఒక్క కుర్చీ ఖాళీ అయితే ప్రపంచం నలుమూలల నుంచీ దరఖాస్తులు వస్తాయి. అభ్యర్థి మొదట మోజార్ట్ కన్సర్టో వాయించాలి. ఎక్కువగా అయిదోది, 1775 డిసెంబరులో పందొమ్మిదేళ్ల మోజార్ట్ రాసినది. వినడానికి పసిపిల్లలు కూడా పాడగలరనిపించేంత సరళం. దాక్కోవడానికి చోటు లేని సంగీతమది. గమకం ముసుగు లేదు, వేగం ముసుగు లేదు. ఒక స్వరం వెంట్రుకవాసి పక్కకు జరిగినా తెల్లగోడ మీద ఈగలా కనపడుతుంది. తర్వాత ఆర్కెస్ట్రా భాగాల నుంచి ఏరిన ముక్కలు. రిహార్డ్ స్ట్రాస్ ‘డాన్ యువాన్’ మొదటి పేజీ ఏ దేశం వెళ్లినా తప్పదు. మంద్రం నుంచి ఒక్క ఉరుకున పైకి ఎగబాకే స్వరాల జల్లు. కచేరీలో పదహారు మంది కలిసి ఎక్కుతారు కాబట్టి ఒకరి కాలు జారినా మిగతావాళ్లు మోస్తారు. ఆడిషన్‌లో ఒక్కరే ఎక్కాలి. మెండెల్సన్ ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ స్కెర్జో అయితే కమాను తీగ మీద చినుకుల్లా ఎగరాలి, చప్పుడు మాత్రం పక్కగదిలోకి వెళ్లకూడదు.

చాలా దేశాల్లో మొదటి రౌండు తెర వెనకే. 1950ల్లో బోస్టన్ సింఫనీ ఈ పద్ధతి తెచ్చింది. అభ్యర్థి ఆడో మగో తెలియకూడదని తెర కట్టారు. తీరా మడమ చప్పుడు బట్టి కనిపెట్టేస్తున్నారని కొన్నిచోట్ల నేల మీద తివాచీ కూడా పరిచారు. ఎదురుగా ఒక స్టాండు, ఒక గుడ్డ, దాని వెనక దగ్గులు, కాగితాల గరగర. అయిదు నిమిషాలు వాయించాక ‘థ్యాంక్యూ’ అని వినపడుతుంది. అంటే ఇంటికి వెళ్లొచ్చని. అంతా దాటి ఎంపికైనా నెలల తరబడి ప్రొబేషన్ ఉంటుంది. ఈసారి చూసేది ఎంత బాగా వాయించారని కాదు, పక్కవాళ్లతో ఎంత బాగా కలిశారని. ఇరవై ఏళ్లలో ఏ పోటీలోనూ ఎవరూ అడగని ప్రశ్న ఉద్యోగంలో చేరాక అడుగుతారు.

ఆ కలవడంలోని కిటుకంతా కమానులో ఉంటుంది. స్వరపత్రం మీద పెన్సిలుతో రెండు గుర్తులు కనిపిస్తాయి. ఒకటి అడుగు లేని చిన్న పెట్టె లాంటిది. అక్కడ కమానును కిందికి లాగాలి. ఇంకొకటి ఇంగ్లిషు ‘వి’ అక్షరం. అక్కడ పైకి తొయ్యాలి. కిందికి లాగితే బరువు ఎక్కువ, పైకి తోస్తే తేలిక. ఏ స్వరానికి ఏది అని కాన్సర్ట్ మాస్టర్ తేలుస్తారు. మిగతా స్టాండ్లన్నీ అదే రాసుకుంటాయి. రిహార్సల్ మధ్యలో నిర్ణయం మారితే మొదటి స్టాండు నుంచి గుసగుస వెనక్కి పాకుతుంది, ప్రతి స్టాండు దగ్గరా రబ్బరు, పెన్సిలు బయటికొస్తాయి. అందుకే ఇక్కడ వాడేది పెన్సిలే, పెన్ను వాడితే చూపులతోనే కాల్చేస్తారు. కమానులో ఎంత భాగం వాడుతున్నారన్నది కూడా ఒకటిగా ఉండాలి. వెనక కుర్చీవాళ్ల కష్టం ఇంకొకటి. మొదటి స్టాండు శబ్దం వాళ్లదాకా వచ్చేలోపు రవ్వంత ఆలస్యం. విన్నాక వాయిస్తే వెనకబడతారు. అందుకని చెవులతో కాక కళ్లతో, ముందున్న భుజాల కదలికతో వాయించాలి.

సింగపూర్ వాతావరణం వేరే పరీక్ష. గాలిలో తేమ సగటున ఎనభై శాతం దాటుతుంది. హాల్లో ఏసీ చలి. విశాఖలోనో కాకినాడలోనో వయొలిన్ నేర్చుకున్నవాళ్లకు ఈ బాధ సగం తెలుసు. వయొలిన్ ముక్కలను అంటించేది జంతువుల తోలు నుంచి తీసిన వజ్రం జిగురు. అది తేమకు వదులవుతుంది. కమాను గుర్రపు తోక వెంట్రుకలతో కడతారు, నూటయాభైకి పైగా ఉంటాయి. తేమకు అవి సాగి కమాను నడుం జారుతుంది. ఎండలోంచి రైల్లోకి, రైల్లోంచి వానలోకి, వానలోంచి ఏసీ హాల్లోకి వచ్చేసరికి పొద్దున సరిచేసుకున్న శ్రుతి సాయంత్రానికి ఉండదు. అందుకే చాలామంది పెట్టెల్లో తేమను కొలిచే బుల్లి గడియారం ఒకటి ఉంటుంది. ఇక ఒళ్లు. ఎడమ దవడ కింద నల్లబడిన మచ్చ ఈ వృత్తివాళ్లకు గుర్తింపు కార్డు. ఎడమ చెవి వాయిద్యానికి జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి దానికి మోత ఎక్కువ. ట్రంపెట్ల ముందు కుర్చీ పడ్డవాళ్లు రెండు చెవుల్లోనూ దూది లాంటి ప్లగ్గులు పెట్టుకోవాల్సి వస్తుంది.

ఇంత పడి వచ్చినవాళ్లకు ఎదురయ్యే లెక్క కఠినం. దేశానికి ఉన్నదే ఒక పూర్తికాలపు సింఫనీ ఆర్కెస్ట్రా. అందులో ఉద్యోగం దొరికినవాళ్లు దశాబ్దాలు కదలరు. 1979లో తొలి కచేరీ నాటి నుంచి ఉన్న లినెట్ సియా కో-లీడర్ స్థాయికి ఎదిగారు. 2006లో దేశపు అత్యున్నత కళాపురస్కారం కల్చరల్ మెడాలియన్ అందుకున్నారు. ఆ తర్వాత ఇంట్లోనే అతిథులకు పెరనాకన్ వంటలు వండి వడ్డించే పనీ పెట్టుకున్నారు. మగపిల్లలకు మరో మలుపు ఉంటుంది. పద్దెనిమిది దాటాక రెండేళ్లు తప్పనిసరి సైనిక సేవ. వేళ్లు పదునెక్కే వయసు సరిగ్గా అదే.

కుర్చీ దొరకనివాళ్లు ఏమవుతారు? కొందరు తామే కొత్త కుర్చీలు వేస్తారు. యోంగ్ స్యూ తోలో చదివిన అలన్ చూ 2018లో రెడ్ డాట్ బరోక్ బృందాన్ని స్థాపించారు. పాతకాలపు కమానులు, పేగు తీగలతో వాయించే బృందమది. ఎక్కువమంది డాక్టర్లో, లాయర్లో, టీచర్లో అవుతారు. కానీ వయొలిన్ అటక ఎక్కదు. 2008లో కండక్టర్ చాన్ జె లా మార్గదర్శకత్వంలో మొదలైన ఆర్కెస్ట్రా ఆఫ్ ది మ్యూజిక్ మేకర్స్ ఇలాంటి వాళ్లదే. ఆఫీసు అయ్యాక రిహార్సల్‌కు వచ్చేవాళ్లు కలిసి 2020 జనవరిలో వాగ్నర్ ‘డీ వాల్క్యూరె’ మొత్తం ప్రదర్శించారు. విరామాలు పోను నాలుగు గంటలకు దగ్గరయ్యే సంగీతమది. జీతం కోసం ఎవరూ అంతసేపు ఆ తీగలు లాగరేమో!

తెలుగువాళ్లకు ఈ వాయిద్యంతో బంధం కొత్తది కాదు. మద్రాసు ప్రాంతంలో బాలుస్వామి దీక్షితర్ పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాక మనం కింద కూర్చుని, కాలి మీద ఆనించి, మన గమకాలు నేర్పాం. విజయనగరం సంగీత కళాశాలలో 1919 నుంచి బోధించి 1936లో ప్రిన్సిపాలయిన ద్వారం వెంకటస్వామినాయుడు ఆ పక్కవాద్యాన్ని ఒంటరిగా వేదికెక్కించారు. ఆయన్ని ఫిడేలు నాయుడుగారని పిలిచేవారంటే ఆ వాయిద్యం మన ఇంటిదైపోయినట్టే. పక్కవాద్యం వాయించేవాడికి సింగపూర్ వెనక కుర్చీ మనసు అర్థమవుతుంది. మరొకరి ఊపిరి వెంట నీడలా నడవడమే ఇద్దరి పనీ. తేడా ఏమిటంటే మన వయొలినిస్టుకు రాగం తర్వాత ఒక వంతు వస్తుంది, సభ చప్పట్లు కొడుతుంది. అక్కడ ఆ వంతు ఎప్పటికీ రాదు. భారతదేశంలో ఇలాంటి కుర్చీ ఉద్యోగం కావాలంటే ముంబైలో 2006లో పుట్టిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఒక్కటే పెద్ద దిక్కు. అందులోనూ ఎక్కువమంది విదేశాల నుంచి వచ్చేవాళ్లే. సింగపూర్‌లోని మన పిల్లలకు రెండు దారులూ దొరుకుతాయి. సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కల కర్ణాటక పాఠం, సోమవారం బడిలో స్ట్రింగ్ ఆన్సాంబుల్. 1985లో మొదలైన సింగపూర్ ఇండియన్ ఆర్కెస్ట్రా లాంటి చోట్ల ఈ రెండు లోకాలు ఒకే వేదిక మీద కలుస్తాయి కూడా. ఒకే పిల్ల పొద్దున వయొలిన్‌ను పాదం మీద, సాయంత్రం భుజం మీద ఆనించుకుంటుంది. ఏ టీచరు చూసినా అయ్యో అంటారు. పిల్లలకు మాత్రం పెద్ద ఇబ్బందిగా ఉండదు.

41 మందితో మొదలైన ఆర్కెస్ట్రా 2014లో లండన్ బీబీసీ ప్రామ్స్‌లో వాయించింది. 2021లో గ్రామఫోన్ పత్రిక ‘ఆర్కెస్ట్రా ఆఫ్ ది ఇయర్’ ఓటింగ్‌లో మూడో స్థానంలో నిలిచింది. 1997 నుంచి 2019 దాకా నడిపిన లాన్ షూయీ పేరు ఆ కథలో ముందొస్తుంది. న్యాయంగా ఎనిమిదో స్టాండు కూడా రావాలి.

దూరియన్ కప్పు కింద ఇప్పుడు చివరి భాగం నడుస్తోంది. పేజీ అడుగుకు ఇంకా నాలుగు గీతలున్నాయి. లోపలి కుర్చీలోని మనిషి ఒక స్వరం ముందే వాయించడం ఆపి, కమానును కుడిచేతి వేళ్ల మధ్య ఉంచి, ఎడమచేత్తో పేజీ మూల పట్టుకుంటుంది. పక్కన ఉన్నాయన ఒంటరిగా రెండు గీతలు లాగుతాడు. కాగితం చప్పుడు చెయ్యకుండా తిరుగుతుంది. ఆమె వయొలిన్ మళ్లీ దవడ కిందికి చేరుతుంది. ముందున్న భుజాలు పైకి లేస్తాయి. పదహారు కమానులు కలిసి కిందికి దిగుతాయి.